సెలవు పెట్టిన స్కేట్లు

నేను అతన్ని మొదటిసారి చూసినప్పుడు అతను వీపు నా వైపు పెట్టి చాలా వేగంగా నా మీదికి వస్తున్నాడు.

సింగపూర్‌లో, బెడోక్‌లో మా బ్లాక్ పక్కన అంతస్తుల కార్ పార్క్ ఉంది. దాని పై అంతస్తులో ఎవరూ కార్లు పెట్టరు. ఎండకి స్టీరింగ్ ముట్టుకోలేరు. ఇరవై ఆరేళ్ళకే కొలెస్ట్రాల్ తెచ్చుకున్నందుకు డాక్టరమ్మ నన్ను పొద్దున్నే నడవమంది. నేను రోజూ ఆ పై అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్ళి, ఒక మూల నిలబడి కాసేపు ఫోన్ చూసుకుని, మళ్ళీ లిఫ్ట్‌లో దిగేవాణ్ణి. ఆ రోజు కూడా అదే వ్యాయామంలో ఉన్నాను. తలెత్తేసరికి ఆరడుగుల పైన ఇంకా కొంత ఉన్న తెల్లమనిషి ఒకడు, కాళ్ళకి చక్రాల బూట్లు, చేతిలో పొడవాటి వంకర కర్ర, వెనక్కి వెనక్కి దూసుకొస్తున్నాడు. తప్పుకుందామన్న ఆలోచన నాకు వచ్చేలోపే సరిగ్గా మూరెడు దూరంలో ఆగాడు. తిరిగి కూడా చూడలేదు.

“భయపడకు. నువ్వు అక్కడ ఉన్నావని తెలుసు,” అన్నాడు ఇంగ్లీషులో.

“ఎలా తెలుసు?”

“నీ ఫోన్లో ఎవరో నవ్వుతున్నారు.”

ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాను. అతను అప్పుడు తిరిగి, నన్ను పైనుంచి కిందికి చూసి, చాలా మర్యాదగా అడిగాడు: “నీకు బంతి విసరడం వచ్చా?”

ఆంధ్రా నుంచి వచ్చిన కుర్రాణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదు అది. ఇంజనీరింగ్ కాలేజీలో టీముకి బౌలింగ్ చేశానని చెప్పాను. నిజానికి రెండేళ్ళు నీళ్ళ బాటిళ్ళు మోశాను, మూడో ఏడు అసలు బౌలర్‌కి ఆటలమ్మ పోస్తే ఒక్క మ్యాచ్ ఆడాను. ఆ వివరాలు అతను అడగలేదు, నేను చెప్పలేదు. మర్నాటి నుంచి ఉద్యోగంలో చేరాను. రోజూ అరగంట నేను అతని మీదికి బంతులు విసరాలి, అతను అడ్డం పడాలి. జీతం కింద హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే షెడ్డులో, కాఫీ, కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్టు. కొలెస్ట్రాల్‌కి ఇది ఎంతవరకు మంచిదో డాక్టరమ్మని అడగలేదు.

అతను స్వీడన్ వాడు. ఐస్ హాకీ ఆడి బతికాడు. ఐస్ హాకీ అంటే మన హాకీనే. గడ్డి బదులు మంచు, బంతి బదులు రబ్బరు బిళ్ళ, అంపైర్‌ని తిట్టడం బదులు ఎదుటివాణ్ణి గోడకేసి గుద్దడం. ఆ బిళ్ళ మాడిపోయిన అరిసెలా ఉంటుంది. అరిసె కన్నా గట్టిది, మా పిన్ని చేసిన అరిసె కన్నా కొంచెం మెత్తన. నాలుగేళ్ళ వయసులో వాళ్ళ ఊళ్ళో గడ్డకట్టిన చెరువు మీద మొదలుపెట్టాడట. పదిహేనేళ్ళకి ఇల్లు వదిలి హాకీ నేర్పే బడికి వెళ్ళాడు. పద్దెనిమిదికి జీతం మొదలైంది. ఆ తర్వాత పదిహేడేళ్ళు, మూడు క్లబ్బులు. పై పళ్ళు రెండు ఊడి కట్టుడు పళ్ళు వచ్చాయి. టోస్టు తినే ముందు వాటిని తీసి చిన్న డబ్బాలో పెట్టి మూత పెట్టేవాడు, ఎవరో కళ్ళజోడు తీసి పెట్టుకున్నంత మామూలుగా.

మొదట అతన్ని సార్ అన్నాను. సార్ అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు. అందుకని అన్నా అనడం మొదలుపెట్టాను. వాళ్ళ దేశంలో అది ఆడపిల్లల పేరట. అయినా ఏమీ అనుకోకుండా పలికేవాడు.

మొదటి రోజే నెట్‌లో అతని గురించి వెతికాను. ఏ కప్పు పట్టుకున్న ఫోటోయో, ఏదో ఒక రికార్డో ఉంటుందనుకున్నాను. దొరికిన వీడియోల్లో అతను ఎక్కడో ఒక పక్కన ఉన్నాడు, గోల్ వేరేవాళ్ళు కొడుతున్నారు. గోల్స్ లెక్క చూసి మర్నాడు అడిగేశాను.

“అన్నా, పదిహేడేళ్ళకి ఇవేనా?”

“గోల్ కొట్టడం నా పని కాదు.”

“మరి నీ పనేంటి?”

“ఏమీ జరక్కుండా చూడటం,” అన్నాడు.

నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లకి సపోర్ట్ ఇస్తాను. నా ఉద్యోగం కూడా ఏమీ జరక్కుండా చూడటమే. ఏదైనా జరిగిందంటే అందరూ నా పేరు పెట్టి పిలుస్తారు, జరక్కపోతే నేను ఉన్నట్టు కూడా ఎవరికీ తెలీదు. ఆ మాట చెప్తే అతను మొదటిసారి నన్ను తోటి ఉద్యోగిలా చూశాడు. తేడా అల్లా, నా ఉద్యోగంలో ఎవరూ నన్ను గోడకేసి గుద్దరు. మేనేజర్‌కి అనిపించి ఉండొచ్చు, అది వేరే సంగతి.

సింగపూర్‌కి ఎలా వచ్చాడంటే, భార్య ఓడల కంపెనీలో పని చేస్తుంది, ఆవిడకి ఇక్కడికి బదిలీ అయింది. అదే వేసవిలో ఇతని కాంట్రాక్టు అయిపోయింది. అంతకు ముందే మోకాలు అయిపోయింది. చివరి మ్యాచ్‌లో ఎవడో వచ్చి గుద్దితే కాలు గోడకీ వాడికీ మధ్య ఇరుక్కుంది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయింది, నయమైంది, డాక్టర్లు ఆడొచ్చన్నారు. ముప్పై ఆరేళ్ళవాణ్ణి, ఆపరేషన్ అయిన మోకాలితో సహా, ఎవరు తీసుకుంటారన్నది డాక్టర్లు చెప్పలేదు.

ఇదంతా ఒకరోజు టోస్టు తింటూ చెప్పాడు. చివర్లో అన్నాడు: “పదిహేడేళ్ళలో ప్రతిసారీ నా కాళ్ళ మీద నేనే బయటికి వచ్చాను. ఓడినా వచ్చాను, దెబ్బ తగిలినా వచ్చాను. ఆఖరిసారి మాత్రం పడుకుని వచ్చాను. నాకు చాలా మ్యాచ్‌లు అక్కర్లేదు. ఒక్కసారి ఆడి, అయిపోయాక, ఆ గేటులోంచి నడిచి బయటికి రావాలి. అంతే.”

ఇలాంటి చోట నేను ఒక జోకు వేస్తాను. అది నా జబ్బు. “స్ట్రెచర్ మీద పడుకుని వెళ్ళేవాడికి స్టేడియం ఎలా కనబడుతుంది అన్నా?” అన్నాను.

“పైకప్పు బాగాలేదు,” అన్నాడు. “రంగు వెయ్యాలి.”

ఆ తర్వాత నేను బంతులు కొంచెం గట్టిగా విసరడం మొదలుపెట్టాను.

అతని పనితనం నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. బంతి వంక చూసేవాడు కాదు. నేను కుడివైపు చూసి ఎడమవైపు విసిరినా, చేయి ఆడించి మోసం చేసినా, అక్కడే ఉండేవాడు. ఎలా తెలుస్తుందని అడిగితే, “బిళ్ళ అబద్ధమాడుతుంది. చేతులు అబద్ధమాడతాయి. కళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. బొడ్డు మాత్రం అబద్ధమాడదు, అది ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి,” అన్నాడు. పదిహేడేళ్ళు ఎదుటివాళ్ళ బొడ్లు చూసి బతికిన మనిషి. నేను నవ్వాను కానీ ఆ రోజు నుంచి ట్రైన్ దిగేటప్పుడు ఎదురొచ్చేవాళ్ళని అలాగే చూస్తున్నాను. ఎవరినీ గుద్దుకోవడం లేదు.

ఎండ అతనికి శత్రువు. పావుగంటకే కింద సిమెంటు మీద మడుగు కట్టేది. నేను విసిరి విసిరి ఆయాసపడుతుంటే అతను వంగి, లేచి, మళ్ళీ వంగేవాడు. వానొస్తే కింది అంతస్తులో, కార్ల మధ్య. ఒక్కరోజు మానలేదు. ఏ క్లబ్బు నుంచైనా ఫోన్ వస్తుందని ఎవరూ చెప్పలేదు. సీజన్ మొదలైపోయింది, జట్లన్నీ నిండిపోయాయి. అయినా వచ్చేవాడు.

ఇక ఆ సామాను సంగతి. అసలు మంచు మీద వాడే స్కేట్లు, కర్రలు, ప్యాడ్లు ఒక పెద్ద సంచీలో ఉండేవి. వారానికోసారి పడమటి చివరనున్న మాల్‌లో ఐస్ రింక్‌కి వెళ్ళి ఆడి వచ్చేవాడు. మంచు మీద తడిసిన సామాను భూమధ్యరేఖ పక్కన ఆరదు. వాళ్ళావిడ చాలా నెమ్మదైన మనిషి, ఒక్కటే మాట అందట: ఆ సంచీ అయినా ఉండాలి, నేనైనా ఉండాలి.

నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీని అడిగాను. ఆంటీ, అంకుల్‌ది కాకినాడ వైపు. వచ్చి ముప్పై ఐదేళ్ళు దాటింది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’ ఆంటీ తెలుగులోకీ చేరింది. అంకుల్ సెంబవాంగ్ షిప్ యార్డులో వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. ఇక్కడి ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోవడానికని మందపాటి ఇనుప తలుపుతో చిన్న గది కడతారు. బాంబులు పడలేదు కాబట్టి అందరూ బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పెట్టుకుంటారు. ఆంటీ సంచీని దూరం నుంచే చూసి, “బాంబుకే తట్టుకుంటుందంట లా, దీనికి తట్టుకోదా,” అని ఆ గదిలో పెట్టించింది.

దసరాకి వారం ముందు నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

హాకర్ సెంటర్లో టోస్టు తింటూ, దసరా అంటే ఏమిటని అతను అడిగాడు. నవమినాడు పనిముట్లకి పూజ చేస్తామని, పసుపు, కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచుతామని, మర్నాడు పొద్దున దాకా వాటిని ఎవరూ ముట్టుకోరని చెప్పాను. ఇక్కడ దసరాకి సెలవుండదు కానీ ఆంటీ ఆ పూజ ఒక్క ఏడు కూడా మానలేదు.

“ముట్టుకుంటే?” అన్నాడు.

ఏమో తెలీదు అంటే సరిపోయేది. “పనిముట్టుకి కోపం వస్తుంది. ఏడాదంతా మాట వినదు,” అన్నాను. అక్కడితోనైనా ఆగానా. “మా మావయ్య ఒకసారి పూజ మధ్యలో లారీ తీశాడు. ఇప్పటికీ దానికి రివర్స్ గేరు పడదు.”

నాకు లారీ ఉన్న మావయ్య లేడు. అతను నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. టోస్టు పళ్ళెంలో పెట్టి, “అవును మరి,” అన్నాడు.

అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది. హాకీ ఆడేవాళ్ళ నమ్మకాల ముందు మా అమ్మమ్మ నాస్తికురాలు. ఎడమ కాలి స్కేటు ముందు తొడుక్కోవాలి. ఒకరి కర్ర ఇంకొకరు తాకకూడదు. మ్యాచ్ రోజు రెండు గుడ్లు, మూడోది తింటే ఓడిపోతారు. వరసగా గెలుస్తున్నంత కాలం ఒకానొక బనియన్ ఉతకకూడదు. ఇవన్నీ అతను నాకు వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ జాబితాలోకి లారీ కూడా చేరిందని నాకు తట్టలేదు.

నవమినాడు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది.

“క్లబ్బు నుంచి పిలిచారు. వాళ్ళ డిఫెండర్ కాలు విరిగింది. నన్నో, ఫిన్లాండ్ వాడొకణ్ణో తీసుకుంటారట. ఈ రాత్రికే తేలిపోతుంది. మోకాలు ఎలా ఉందో చూడటానికి మంచు మీద వీడియో కావాలి, ఇక్కడి టైము రాత్రి ఎనిమిది లోపల పంపాలి. రింక్ వాళ్ళు ఆరున్నరకి పది నిమిషాలు సగం మంచు ఇస్తామన్నారు.”

“ఇంకేం అన్నా, పద మరి.”

“సంచీ కోసం మీ ఇంటికి వచ్చాను. నా స్కేట్లకి ఎర్ర బొట్టు ఉంది.”

నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఇంట్లో ఎమర్జెన్సీ అన్నాను. ఎవరికి అన్నాడు. చెప్పడానికి నోరు తెరిచి, చెప్పినా ప్రయోజనం ఉండదనిపించి, దగ్గరివాళ్ళకి అన్నాను. పొమ్మని చెయ్యూపాడు.

ఇంటికి వెళ్ళేసరికి సాంబ్రాణి పొగలో బాంబుల గది ఇనుప తలుపు బార్లా తీసి ఉంది. లోపల ముగ్గేసిన పీట మీద వరసగా అంకుల్ వెల్డింగ్ మాస్కు, స్పానర్లు, ఆంటీ కుట్టు మిషను, మిక్సీ, నా పాత ల్యాప్‌టాప్. వాటి పక్కన స్కేట్లు రెండూ, కర్రలు, హెల్మెటు. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. సంచీ వాసన పోయింది. ఆ గదిలో సాంబ్రాణి గెలవడం నేను చూసిన అద్భుతాల్లో ఒకటి. గది ముందు ప్లాస్టిక్ స్టూలు మీద ఇతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువులా ఉన్నాడు.

“నువ్వైనా చెప్పరా,” అంది ఆంటీ నన్ను చూడగానే. “పాపం అతనిదీ కూడెట్టే సామానే కదా అని నేనే తీసి పెట్టాను. ఇప్పుడు తీసుకెళ్ళు బాబూ అంటే వినడు. అమ్మవారు ఏమీ అనుకోదు, నేను చెప్పుకుంటా ఆవిడతో.”

“ఆంటీ,” అన్నాడతను. “మీరు ఎప్పుడైనా మధ్యలో తీశారా?”

“నేనా? ఎందుకు తీస్తాను లా. ఒక్కసారి కూడా లేదు.”

అతను నా వంక చూశాడు. చూశావా అన్నట్టు.

ఇక తప్పలేదు. “అన్నా, ఆ లారీ కథ అబద్ధం. నీ మొహం చూడాలని చెప్పాను. నాకు ఆ మావయ్యే లేడు.”

“లారీ?”

“లారీ కూడా లేదు.”

“రివర్స్ గేరు?”

“లారీయే లేనప్పుడు గేరు ఎక్కడిది అన్నా.”

ఆంటీ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. అతనికి మాత్రం కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

“నిజమా అబద్ధమా అన్నది కాదు,” అన్నాడు నెమ్మదిగా. “నాకు ఇప్పుడు అది తెలిసిపోయింది. మంచు మీద వెనక్కి తిరిగేటప్పుడు ఒక్క అరక్షణం ఆ గేరు గుర్తొస్తే చాలు, కాలు ఆలస్యమవుతుంది. అరక్షణం చాలు, మోకాలు బాగాలేదని వాళ్ళు అనుకోవడానికి. నేను పదిహేడేళ్ళు ఆడింది బలంతో కాదు. ఏమీ గుర్తు రాకుండా ఆడాను.”

నా జోకుకి ఇంత బరువు ఉంటుందని నాకెప్పుడూ తెలీదు. గడియారం చూశాను. నాలుగున్నర. రింక్‌కి ట్రైన్‌లో గంట పడుతుంది. అతను ఏ గేటులోంచి నడిచి బయటికి రావాలనుకున్నాడో, ఆ గేటుకి నేను లారీ అడ్డం పెట్టాను. లేని లారీ.

ఇంతలో హాల్లోంచి అంకుల్ పేపర్ మడుస్తూ వచ్చాడు.

“మా యార్డులో ఒకసారి నవమి రోజే పెద్ద పని పడింది,” అన్నాడు. “ఓడ మర్నాడు పొద్దున్నే పోవాలి. నా సామానంతా ఇదిగో, ఇక్కడే పూజలో ఉంది. ఏం చేస్తాం. పక్కనున్న చైనా అతని మాస్కు, అతని వెల్డింగ్ గన్ను అడిగి తీసుకుని కానిచ్చాను. ఓడ పోయింది. మునిగినట్టు కబురేమీ రాలేదు.”

“అదేంటండీ,” అంది ఆంటీ. “నవమినాడు పని చేశారా? ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదే.”

“నువ్వు అడగలేదే. అయినా సెలవు మన సామానుకి. చైనా అతని సామానుకి ఎవరిచ్చారు సెలవు?”

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే అతనికి సగం అర్థమైనట్టుంది. మిగతా సగం చెప్పాను. స్టూలు మీంచి లేచాడు.

“రింక్‌లో అద్దె స్కేట్లుంటాయి,” అన్నాడు.

విమానం నడిపేవాడు ‘సైకిల్ ఉంది’ అన్నట్టు అన్నాడు. ఆటగాళ్ళ స్కేట్లు పాదం కొలతకి వేడి చేసి అచ్చు పోస్తారు, అంచులు రోజూ సాన పడతారు. అద్దెవి వేల కాళ్ళు తొడిగి వదిలేసిన ప్లాస్టిక్ బూట్లు. ఇవన్నీ ట్రైన్‌లో నేను అడిగితే చెప్పాడు. చెప్పి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను బతుకులో మొదటిసారి బెడోక్ నుంచి పడమటి చివరిదాకా నోరు మూసుకుని ప్రయాణం చేశాను.

కౌంటర్లో అమ్మాయి అతన్ని చూసి, కాళ్ళు చూసి, లోపలికి వెళ్ళి వాళ్ళ దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద జత తెచ్చింది. నీలం ప్లాస్టిక్, మడమ మీద తెల్ల రంగుతో నంబరు.

“ఫస్ట్ టైమా అంకుల్? పెంగ్విన్ కావాలా?” అంది.

కొత్తగా నేర్చుకునే పిల్లలు పడిపోకుండా పట్టుకుని తోసుకుపోయే బొమ్మ అది. అతను దాని వంక మర్యాదగా చూశాడు.

“ఇవాళ్టికి వద్దు,” అన్నాడు.

ఎడమది ముందు తొడుక్కున్నాడు. అక్కడ ఆడుకుంటున్న వాళ్ళలో ఒకాయన దగ్గర కర్ర అడిగి తీసుకున్నాడు. ఆ కర్రని రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే, పరాయి వాళ్ళ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఉంది. నేను ఆఫీసు చొక్కాతో, చెప్పులతో మంచు అంచున నిలబడి ఫోన్ పట్టుకున్నాను.

మొదటి అడుగుకే జారాడు. మొండి అంచు మంచుని పట్టలేదు. ఒక మోకాలు కిందికి పోయింది, అదే మోకాలు. చెయ్యి ఆనించి లేచాడు. “అది వీడియోలోంచి తీసెయ్యి,” అన్నాడు, నా వైపు చూడకుండా. మళ్ళీ మొదలుపెట్టాడు.

తర్వాత జరిగింది వర్ణించడం నా వల్ల కాదు, నేను దేన్నైనా తక్కువ చేసి చెప్పడానికే అలవాటు పడ్డాను. ఒక్కటి చెప్తాను. రెండు చుట్లలో అతను ఆ బూట్లు ఏం చేయగలవో, ఏం చేయలేవో కనుక్కున్నాడు. అంగలు చిన్నవి చేశాడు. వంగడం ఇంకొంచెం పెంచాడు. మూడో చుట్టుకి ముందుకి వెళ్తున్నవాడు వెనక్కి తిరిగాడు, ఎప్పుడు తిరిగాడో నా ఫోన్లో ఆపి ఆపి చూసినా దొరకలేదు. ఎడమకి, కుడికి, ఆగి, మళ్ళీ వెనక్కి. అంత పెద్ద శరీరం, అంత మొండి ఇనుము మీద, చప్పుడు లేదు. ఆడుకుంటున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆగి గోడకి చేరబడ్డారు. కర్ర ఇచ్చినాయన, “హూ ఇజ్ దిస్ గై, లా,” అని నన్ను అడిగాడు. మా అన్న అని చెప్పాను. ఆయన నా మొహం, అతని మొహం మార్చి మార్చి చూసి ఇంకేమీ అడగలేదు.

చలికి నా చేతులు వణికి వీడియో అంతా భూకంపం వచ్చినట్టుంది. మొదట జారింది కోసేసి, మిగతాది ఉన్నదున్నట్టు పంపాడు.

తిరుగు ట్రైన్‌లో జవాబొచ్చింది. ఫోన్ నాకు చూపించి తర్జుమా చేశాడు. “మోకాలు బాగుంది. ఆ నీలం రంగువి ఏమిటి?”

అతను వేలితో నెమ్మదిగా టైపు చేశాడు: “నావి ఇవాళ సెలవులో ఉన్నాయి.”

రెండు స్టేషన్లు ఏమీ రాలేదు. మూడో స్టేషన్లో వచ్చింది: “గురువారం రా.”

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చప్పట్లు లేవు, కౌగిలింత లేదు. కాసేపయ్యాక, “పాపం ఆ ఫిన్లాండ్ అతను,” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆంటీ స్కేట్లు తీసి ఇస్తూ, కొత్త పనికి పోతున్నాడు కదా అని నిమ్మకాయలు తొక్కి వెళ్ళాలంది. బండి చక్రాల కింద పెట్టినట్టు. అతను స్కేట్లు తొడుక్కుని కారిడార్‌లో నిలబడి, రెండు నిమ్మకాయల్ని అంత శ్రద్ధగా, సరిగ్గా మధ్యకి కోశాడు. పక్కింటి చైనా అంకుల్ మొక్కలకి నీళ్ళు పోస్తూ చూస్తున్నాడు.

“ఎక్కడికి?” అన్నాడాయన.

“స్వీడన్‌కి.”

“ఓ,” అని ఆయన మళ్ళీ మొక్కల వైపు తిరిగాడు.

ఒప్పందం ఏమిటంటే, విరిగిన కాలు అతుక్కునేదాకా ఇతను ఆడతాడు. ఆ మ్యాచ్‌ల రికార్డింగ్ ఇక్కడ పొద్దుటికి దొరికేది. బెడోక్ నుంచి రాఫెల్స్ ప్లేస్ దాకా ట్రైన్‌లో నిలబడి చూసేవాణ్ణి. మొదట్లో కళ్ళు బిళ్ళ వెంట పరిగెత్తేవి, ఇతను కనబడేవాడే కాదు. తర్వాత బిళ్ళని వదిలేసి ఇతన్నొక్కణ్ణే చూడటం నేర్చుకున్నాను. అప్పుడు తెలిసింది, పదిహేడేళ్ళు ఈ మనిషి చేసిన పనేమిటో. ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు, ఇతనికన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు, బిళ్ళతో దూసుకొస్తున్నారు, మధ్యలో ఇతనొక్కడు. ఇతను ఏమీ చెయ్యలేదు. వెనక్కి జరుగుతూ కర్ర కొంచెం చాపాడు, అంతే. వాళ్ళకి ఒకటే దారి మిగిలింది, అది మూలకి పోయే దారి. మూలకి పోయారు, అక్కణ్ణుంచి కొట్టారు, గోల్‌కీపర్ పట్టుకున్నాడు. కామెంటరీలో గోల్‌కీపర్ పేరు మూడుసార్లు చెప్పారు. నేను ట్రైన్‌లో ఇతని తరఫున గర్వపడి, పక్కనున్నావిడకి ఫోన్ చూపించి, “చూశారా, ఏమీ జరగలేదు,” అన్నాను. ఆవిడ కొంచెం పక్కకి జరిగింది.

కాలు విరిగిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో ఎముకలు మర్యాద లేకుండా తొందరగా అతుక్కుంటాయి. డిసెంబరు మొదట్లో ఇతను మెసేజ్ పెట్టాడు: “కుర్రాడు వస్తున్నాడు. నాకు ఇంకొక్కటే.”

ఆ ఒక్కటీ వాళ్ళు ఓడిపోయారు. బాగానే ఓడిపోయారు. చివరి నిమిషంలో ఇతను మంచు మీదే ఉన్నాడు. ఎదుటివాడు బలంగా కొట్టిన బిళ్ళకి అడ్డం మోకాళ్ళ మీద పడ్డాడు. లేచాడు. అప్పటికే ఓడిపోయిన మ్యాచ్, ఇంకో గోల్ పడితే ఎవరికీ ఏమీ కాదు. అయినా పడనివ్వలేదు. హారన్ మోగింది.

వెంటనే కెమెరా గెలిచిన జట్టులో గోల్స్ కొట్టిన అతని మొహం మీదికి పోయింది. అతన్ని ఏదో అడుగుతున్నారు, అతను చెమట తుడుచుకుంటూ చెప్తున్నాడు. తెర నిండా అతని మొహం. వెనకాల, అతని చెవి పక్కన, మసగ్గా, ఒక పొడవాటి మనిషి గేటు దగ్గర నిలబడి కుర్రాళ్ళందర్నీ ముందు పోనిచ్చాడు. తర్వాత తను దాటి, రబ్బరు చాప మీద నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. మూడు, నాలుగు క్షణాలు ఉంటుందేమో. పదిహేడేళ్ళ ఉద్యోగానికి వీడ్కోలు ఇంకొకడి చెవి వెనకాల జరిగింది. నేను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను.

రాఫెల్స్ ప్లేస్‌లో దిగి మెసేజ్ పెట్టాను: “చూశాను. నువ్వు నడిచి రావడం కెమెరాలో పడింది.”

వాళ్ళకి తెల్లారాక, నేను మధ్యాహ్నం అన్నం తింటుంటే, జవాబొచ్చింది: “ఎలా నడిచాను?”

పెళ్ళికొడుకులా అని రాసి కొట్టేశాను. బాత్రూమ్ అర్జెంటైనవాడిలా అని రాసి అదీ కొట్టేశాను. రాజు అనీ, సింహం అనీ రాసేవాళ్ళుంటారు, నా వేళ్ళు అటు పోవు. చివరికి “మామూలుగా” అని పంపాను.

“థాంక్స్. అదే కావాలి,” అన్నాడు. కాసేపాగి ఇంకొకటి వచ్చింది: “ఆఖర్న మోకాలు కొంచెం పట్టేసింది. నడకలో తెలిసిందా?”

మూడోసారి చూసినప్పుడు తెలిసింది నాకు. గేటు దాటేముందు ఒక చెయ్యి గోడ మీద ఆనించాడు. ఎవరికోసమో ఆగినట్టు కాసేపు నిలబడి, బరువు మంచికాలు మీదికి మార్చుకుని, అప్పుడు అడుగేశాడు.

“లేదన్నా,” అని రాశాను. “ఏమీ తెలీలేదు.”